పాత మాత్రకు తోడు కొత్త మాత్ర



ఈనాటి ప్రసంగంలో మూర్ఛవ్యాధి గురించి, అందులోనూ ఒక్క మందుతో అదుపులోకి రాని పెద్దవాళ్ళ మూర్ఛ గురించి మాట్లాడుకుందాం. నేను డాక్టరును కాను, బడిపంతులును. పగలు కన్నడంలో పాఠం చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి తెలుగులో మాట్లాడుకునేవాణ్ణి. మరి వైద్యం సంగతి నీకెందుకయ్యా అని మీరు అడగవచ్చు. మన సరిహద్దు పల్లెల్లో మందుచీటీ చదివించుకోవడానికి జనం మొదట వచ్చేది మా దగ్గరికే గదా! అలా ఒక చీటీ చదివి నేను చేసిన పొరపాటు ఒకటుంది. అది మీకు చెప్పాలనే ఈ మైకు ముందు కూర్చున్నాను. దానికి ముందు జబ్బు గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

మనం దీన్ని మూర్ఛలంటాం, ఫిట్లంటాం. కన్నడంలో మూర్ఛె రోగ అంటారు. పేరేదైనా ఇది మెదడుకు సంబంధించిన జబ్బు. మెదడులోని కణాలు సన్నని విద్యుత్ సంకేతాల ద్వారా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఎక్కడో కొన్ని కణాలు అదుపు తప్పి, అన్నీ ఒక్కసారిగా సంకేతాలు పంపడం మొదలుపెడితే వచ్చేదే ఫిట్. కాళ్ళూ చేతులూ కొట్టుకుని నోట నురుగు వస్తేనే ఫిట్ అని మనం అనుకుంటాం. అదొక్కటే కాదు. కొందరు ఉన్నట్టుండి చూపు నిలబెట్టి, పెదవులు చప్పరిస్తూ, చొక్కా గుండీలు తడుముకుంటూ ఒకటి రెండు నిమిషాలు ఉండిపోతారు. పిలిస్తే పలకరు. తరువాత అడిగితే వాళ్ళకు ఏమీ గుర్తుండదు. అది కూడా ఫిట్టే. ఇది గాలి సోకడం కాదు, ఒకరినుంచి ఒకరికి అంటుకునేదీ కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లోకం మొత్తంమీద సుమారు 5 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది. సరైన మందు సరిగ్గా వాడితే వీరిలో నూటికి 70 మంది దాకా ఫిట్లు లేకుండా బతకవచ్చునని ఆ సంస్థే చెబుతోంది. ఫినోబార్బిటాల్ అనే మందు 1912 నుంచి, ఫెనిటోయిన్ 1938 నుంచి ఈ జబ్బుకు వాడుకలో ఉన్నాయి. ఆ తరువాత కార్బమజెపిన్, వాల్ప్రోయేట్ వచ్చాయి. ఎక్కువమందికి వీటిలో ఏదో ఒకటి సరిపోతుంది.

మరి సరిపోనివాళ్ళ మాటేమిటి? స్కాట్లాండ్ దేశంలోని గ్లాస్గో నగరంలో అంతకుముందు ఏ మందూ వాడని 470 మందిని కొన్నేళ్ళపాటు గమనించి, 2000లో ఆ లెక్క ప్రకటించారు. మొదటి మందుతోనే 222 మందికి ఫిట్లు ఆగిపోయాయి. అది కుదరక రెండో మందుకో మూడో మందుకో మారి బాగుపడినవాళ్ళు 67 మంది. రెండు మందులు కలిపి వాడితే ఆగినవాళ్ళు 12 మంది. ఈ లెక్కలో మనకు రెండు సంగతులు ఉన్నాయి. మొదటిది, ఎక్కువమందికి ఒక్క మందే చాలు. రెండోది, మొదటి ఒకటి రెండు మందులు పనిచేయకపోతే ఆ తరువాత దారి కాస్త కష్టమైనదే. అందుకే అంతర్జాతీయ మూర్ఛ వైద్యుల సంఘం 2010లో ఒక నిర్ణయానికి వచ్చింది. తగిన మందులు రెండు, ఒకదాని తరువాత ఒకటిగా గానీ, రెండూ కలిపి గానీ, తగిన మోతాదులో సరిగ్గా వాడినా ఫిట్లు ఆగకపోతే దాన్ని మందుకు లొంగని మూర్ఛగా లెక్కవేయాలన్నది ఆ నిర్ణయం.

ఇక్కడ 'సరిగ్గా వాడినా' అన్న మాటను మనం గమనించాలి. కొత్త మందు చేర్చే ముందు మంచి డాక్టరు కొన్ని ప్రశ్నలు వేస్తాడు. విసుక్కోకుండా నిజం చెప్పాలి. మాత్రలు రోజూ వేళకు మింగుతున్నారా? సంత రోజున, పెళ్ళికి వెళ్ళిన రోజున, ఉపవాసం రోజున మానేస్తున్నారా? రాత్రి కాలువ నీళ్ళు పెట్టడానికి పోయి నిద్ర చెడగొట్టుకుంటున్నారా? సారాయి, బ్రాందీ అలవాటుందా? వచ్చేవి నిజంగా ఫిట్లేనా, లేక రక్తపోటు పడిపోయి కళ్ళు తిరిగి పడిపోవడమా? మనసులోని బాధవల్ల కూడా అచ్చం ఫిట్లలాగే కనిపించేవి వస్తాయి. వాటికి ఈ మాత్రలు పనిచేయవు. అలాగే ఒక రకం ఫిట్లకు మంచిదైన మందు మరో రకం ఫిట్లను పెంచవచ్చు. కనుక ఫిట్ ఎలా వచ్చిందో చూసినవాళ్ళే వెంట వెళ్ళి చెప్పాలి. ఈ రోజుల్లో చేతిలో ఫోను ఉంది గనుక, మనిషిని భద్రంగా పడుకోబెట్టి, ఇంకొకరు వీడియో తీసి చూపిస్తే డాక్టరుకు ఎంతో సాయం చేసినట్టే.

మందులు దాచుకుని మింగేవాళ్ళు కూడా ఉన్నారు. ముఖ్యంగా కొత్తగా కాపురానికి వచ్చిన ఆడపిల్లలు అత్తవారింట తెలుస్తుందేమోనని మాత్రలు మానేస్తారు. ఒకప్పుడు హిందూ వివాహ చట్టంలో మూర్ఛవ్యాధిని పెళ్ళికి అడ్డంకిగా రాసి ఉండేది. 1999లో చట్టాన్ని సవరించి ఆ మాట తీసేశారు. చట్టం తీసేసినా మన ఇళ్ళలో అది ఇంకా పూర్తిగా పోలేదు. దాచుకున్న మాత్ర వేళకు పడదు. వేళకు పడని మాత్రను చూసి మందు పనిచేయలేదని అనుకుంటాం.

ఇవన్నీ చూసిన తరువాత కూడా ఫిట్లు వస్తుంటే అప్పుడు డాక్టరు రెండో మందును మొదటిదానికి తోడుగా ఇస్తాడు. వాళ్ళు దీన్ని ఆడ్-ఆన్ వైద్యం అంటారు. మనం తోడు మందు అనుకుందాం. రెండెందుకు అంటే, ఒక్కో మందు మెదడులో ఒక్కో చోట పనిచేస్తుంది. మనకు తుంగభద్ర కాలువ తెలుసు గనుక అలాగే చెబుతాను. నీళ్ళు గట్టు తెంచుకోకుండా ఉండాలంటే ఒక తూము దించితే కొంత తగ్గుతుంది, పైన ఇంకో తూము దించితే మరికొంత తగ్గుతుంది. కార్బమజెపిన్, ఫెనిటోయిన్ వంటివి కణంలోకి సోడియం పోయే దారిని అదుపు చేస్తాయి. క్లోబజామ్ వంటిది మెదడును శాంతపరిచే సహజ పదార్థానికి బలం ఇస్తుంది. లెవెటిరాసెటమ్ అనేది కణాలు ఒకదానికొకటి సంకేతం అందించుకునే చోట పనిచేస్తుంది. అందుకే సాధారణంగా ఒకే రకంగా పనిచేసేవి రెండు కాకుండా, వేరువేరు రకాలుగా పనిచేసేవి ఎంచుకుని జత చేస్తారు. లామోట్రిజిన్, టోపిరామేట్, లాకోసమైడ్ లాంటివి కూడా ఇలా తోడుగా వాడే మందులే.

ఇప్పుడు నా పొరపాటు సంగతి చెబుతాను. మా ఊళ్ళో ఒకాయన ఉన్నాడు. పేరు అవసరం లేదు. నలభై దాటిన మనిషి, కాలువ కింద వరి పండించుకుంటాడు. మొదట ఫెనిటోయిన్ వాడాడు. చిగుళ్ళు వాచాయి, ఫిట్లు ఆగలేదు. తరువాత కార్బమజెపిన్‌కు మార్చారు. కాస్త మేలనిపించినా నెలకు ఏడెనిమిది సార్లు వస్తూనే ఉండేవి. పట్నంలో పెద్ద డాక్టరుకు చూపించుకుని వచ్చి, ఆయన భార్య చీటీ తీసుకుని సాయంత్రం మా ఇంటికి వచ్చింది.

"అయ్యవారూ, ఇందులో ఏం రాసినారో కొంచెం చూసి చెప్పండి" అంది.

చీటీమీద పెద్ద అక్షరాలతో లెవెటిరాసెటమ్ అని, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని ఉంది. కింద మూలన గొలుసుకట్టు రాతలో ఇంకో ముక్క ఉంది. నేను దాన్ని పట్టించుకోలేదు. "మాత్ర మార్చినారమ్మా, ఇకనుంచి ఇదే" అని చెప్పేశాను.

"డాక్టరు కన్నడంలో జొతెగె అని ఏదో అన్నాడు సార్" అని ఆమె కాస్త సందేహించింది. జొతెగె అంటే తోడుగా అని నాకు తెలుసు. కన్నడంలో పాఠాలు చెప్పేవాణ్ణి, తెలియకేం! అయినా, "చీటీలో ఉండేదే లెక్కమ్మా" అన్నాను. సారు చదివి చెప్పారు గదా అని ఆమె ఊరుకుంది. పాత మాత్రలు ఆ రాత్రినుంచే మానేశారు.

నాలుగో రోజు తెల్లవారుజామున ఆయనకు ఫిట్ వచ్చింది. అది తగ్గి తెలివి రాకముందే ఇంకొకటి, దాని వెనకే మరొకటి. ఆటోలో తాలూకా ఆసుపత్రికి, అక్కడ ఇంజెక్షన్ వేసి అక్కడినుంచి అంబులెన్సులో పట్నానికి తీసుకెళ్ళాము. రెండు రోజులు మనిషి మనిషి కాడు. పాత మాత్ర ఎందుకు ఆపారని డాక్టరు అడిగితే, "అయ్యవారే చెప్పినారు సార్" అంది ఆమె. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ డాక్టరు నన్ను కోప్పడలేదు. చీటీ మూలన ఉన్న ముక్క చూపించి, పాతది అలాగే కొనసాగించాలని అక్కడ రాశానని చెప్పి, "సేరిసువుదు బేరె, బదలాయిసువుదు బేరె, మేష్ట్రే" అన్నాడు. చేర్చడం వేరు, మార్చడం వేరు. ఈ రెండు మాటల తేడా నేను పిల్లలకు ప్రతి ఏడూ వ్యాకరణంలో చెబుతూనే ఉన్నాను.

శ్రోతలారా, మూర్ఛ మందు ఏదైనా సరే, హఠాత్తుగా ఆపకూడదు. ఆపితే ఫిట్లు వరుసగా వచ్చి ప్రాణం మీదికి వస్తాయి. డాక్టరు నిజంగానే పాతది తీసేయదలచుకున్నా, కొత్తదాన్ని మెల్లగా పెంచుతూ, పాతదాన్ని మెల్లగా తగ్గిస్తూ, వారాల తరబడి ఆ పని చేస్తాడు.

ఆయన కోలుకున్నాడు. రెండు మందులూ కలిపి వాడడం మొదలుపెట్టాడు. కొద్దిరోజులకు ఆయన భార్య మళ్ళీ వచ్చి, "అయ్యవారూ, మనిషికి కోపం ఎక్కువయింది, అన్నం కంచం విసిరికొడుతున్నాడు" అని ఏడ్చింది. ఈసారి నేను సలహా ఏమీ చెప్పలేదు. "ఇదే మాట డాక్టరుతో చెప్పమ్మా" అని వాళ్ళతోపాటు వెళ్ళాను. లెవెటిరాసెటమ్ వాడే కొందరిలో చిరాకు, కోపం, దిగులు పెరుగుతాయని, అది మనిషి గుణం కాదని డాక్టరు చెప్పి మోతాదు సరిచేశాడు. అడగకపోతే ఆ ఇంట్లో అదొక గొడవగానే మిగిలిపోయేది.

ప్రతి మందుకూ ఇలాంటి ఇబ్బంది ఏదో ఒకటి ఉంటుంది. రెండు మందులు కలిసినప్పుడు ఒకదానిమీద ఒకటి ప్రభావం చూపుతాయి కూడా. కార్బమజెపిన్, ఫెనిటోయిన్, ఫినోబార్బిటాల్ మన కాలేయాన్ని చురుకు చేసి, ఇతర మందులు కొన్నిటిని త్వరగా ఖర్చు చేసేస్తాయి. వీటివల్ల గర్భం రాకుండా వాడే మాత్రలు కూడా పనిచేయకపోవచ్చు. వాల్ప్రోయేట్ దీనికి విరుద్ధం. అది లామోట్రిజిన్‌ను ఒంట్లో ఎక్కువ నిలవ ఉండేలా చేస్తుంది. అందుకే ఆ రెండూ కలిపి ఇచ్చేటప్పుడు లామోట్రిజిన్‌ను చాలా తక్కువతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. తొందరపడి మనమే పెంచుకుంటే ఒంటిమీద దద్దుర్లు వచ్చి, ఒక్కోసారి ప్రాణాపాయం దాకా పోతుంది. కొత్త మందు మొదలుపెట్టాక దద్దుర్లు, నోట్లో పుండ్లు, జ్వరం కనిపిస్తే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. టోపిరామేట్ వాడేవాళ్ళకు మాట వెతుక్కోవలసి రావడం, బరువు తగ్గడం ఉండవచ్చు. క్లోబజామ్ మత్తు తెస్తుంది. మందులు ఎక్కువైతే తూలుడు, ఒకటి రెండుగా కనిపించడం జరుగుతాయి.

ఆడవాళ్ళ విషయంలో ఇంకో ముఖ్యమైన మాట. వాల్ప్రోయేట్ గర్భంలోని బిడ్డకు అంగలోపాలు, బుద్ధి ఎదుగుదలలో లోపం కలిగించే ప్రమాదం ఎక్కువ. కనుక బిడ్డను కనాలనుకునేవాళ్ళు గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడి మందు సంగతి తేల్చుకోవాలి. గర్భం వచ్చిందని తెలిసి భయంతో మాత్రలన్నీ ఒక్కసారి ఆపేయడం తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ముప్పు.

తోడు మందువల్ల ఎంత మేలు ఆశించవచ్చు? ఈ మందుల్ని పరీక్షించేటప్పుడు ఫిట్లు సగానికి సగం తగ్గినవాళ్ళు ఎంతమంది అని ముఖ్యంగా లెక్కచూస్తారు. పూర్తిగా ఆగిపోయేవాళ్ళు కొద్దిమందే. మా ఊరి ఆయనకు ఇప్పుడు రెండు నెలలకు ఒకటో రెండో వస్తున్నాయి. పూర్తిగా పోలేదు. ఒంటరిగా కాలువలో దిగడు, ట్రాక్టరు తోలడు, మిద్దె అంచున పడుకోడు. కానీ పొలానికి పోతున్నాడు, సంతకు పోతున్నాడు. తగ్గినాయా అంటే తగ్గినాయి అని ఆయనే చెబుతాడు.

ఎంత తగ్గినాయో తెలియాలంటే లెక్క ఉండాలి. అందుకు నేను వాళ్ళకు ఒక నోటు పుస్తకం ఇచ్చాను. బడిలో హాజరుపట్టీ వేసినట్టు తేదీ, వేళ, ఎంతసేపు, ఎలా వచ్చింది, ఆ రోజు మాత్రలు వేశాడా లేదా, నిద్ర పోయాడా లేదా అని గళ్ళు గీసి ఇచ్చాను. ఆరో తరగతి చదివే కూతురు దాన్ని రాస్తుంది. డాక్టరు మొదట చూసేది ఆ పుస్తకమే. మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బుంటే ఇవాళే ఒక పుస్తకం పెట్టండి. తెలుగులో రాసినా, కన్నడంలో రాసినా, తమిళంలో రాసినా, ఒడియాలో రాసినా లెక్క లెక్కే.

సరిహద్దులో ఉండేవాళ్ళకు మరో చిక్కు ఉంది. ఒక నెల ఇటువైపు డాక్టరు, ఇంకో నెల అటువైపు డాక్టరు. ఒక నెల బళ్ళారిలో మందులు కొంటాం, ఇంకో నెల ఆదోనిలో కొంటాం. ఒకే మందును వేరువేరు కంపెనీలు వేరువేరు పేర్లతో అమ్ముతాయి. రెండు పేర్లు చూసి రెండు మందులనుకుని ఒకే మందును రెండింతలు మింగే ప్రమాదం ఉంది. కనుక పెట్టెమీద కంపెనీ పెట్టిన పేరు కాకుండా, అసలు మందు పేరు చూడాలి. ఎక్కడికి పోయినా పాత చీటీలన్నీ ఒక సంచిలో పెట్టుకుని పోవాలి. వీలైనంతవరకు ఒకే డాక్టరు దగ్గర, ఒకే కంపెనీ మందు వాడడం మంచిది.

రెండు మందులు సరిగ్గా వాడినా ఫిట్లు ఆగకపోతే, మూడోది, నాలుగోది అంటూ ఏళ్ళు గడపకుండా ఒకసారి మూర్ఛకు ప్రత్యేక వైద్యం చేసే పెద్ద ఆసుపత్రికి వెళ్ళి చూపించుకోవాలి. మనకు బెంగళూరులో నిమ్హాన్స్ ఉంది, తిరువనంతపురంలో శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ ఉంది. అక్కడ ఈఈజీ, ఎమ్మారై పరీక్షలు చేసి, ఫిట్ మెదడులో ఏ చోట పుడుతున్నదో తెలిస్తే, తగినవారికి ఆపరేషన్‌తో నయం చేసే వీలు కూడా చూస్తారు. బళ్ళారి జిల్లా వాళ్ళకు ఇంకో మాట. పల్లె ఆరోగ్య కేంద్రంలోనే మానసిక జబ్బులకూ మూర్ఛకూ మందు ఇవ్వవచ్చునని నిమ్హాన్స్ వారు 1980ల్లో చేసి చూపించింది మన జిల్లాలోనే. ఆ నమూనా మీదనే 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. కాబట్టి దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిని అడగడానికి మొహమాటపడవద్దు.

ఇక ఎదురుగా ఎవరికైనా ఫిట్ వస్తే చేతిలో ఇనుప తాళంచెవులు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం, నోట్లో చెంచా దూర్చడం చేయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తని గుడ్డ పెట్టి, గడియారం చూడండి. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే, లేదా తెలివి రాకముందే రెండోది వస్తే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

చివరగా ఒక్క మాట. డాక్టరు కొత్త మాత్ర రాసినప్పుడు ఆ గది దాటక ముందే మూడు ప్రశ్నలు అడగండి. పాత మాత్ర ఉంచాలా, ఆపాలా? కొత్తది ఎంతతో మొదలుపెట్టి ఎప్పుడెప్పుడు పెంచాలి? ఏ తేడా కనిపిస్తే వెంటనే రావాలి? మీకు వచ్చిన భాషలో అడగండి. డాక్టరు చెప్పింది మీ మాటల్లో తిరిగి ఆయనకే చెప్పి, అవునా అని సరిచూసుకోండి. చీటీ చదివే నాలాంటి పంతుళ్ళకు కూడా ఒక మనవి. అర్థం కాని ముక్క ఒక్కటి ఉన్నా, నాకు తెలియదమ్మా, రేపు డాక్టరునే అడుగుదాం అని చెప్పండి. అందులో మన పరువు పోయేదేమీ లేదు. నేను ఆ రోజు ఆ మాట అనివుంటే ఆ ఇల్లాలు రెండు రాత్రులు ఆసుపత్రి వరండాలో కూర్చోవలసి వచ్చేది కాదు.